తెల్ల గీతల దారులు

ఫ్రాన్సు గ్రామసీమలో సైకిలు యాత్ర గురించి సాగే చర్చలు ఎక్కడ మొదలైనా తిరిగి తిరిగి ఒక ప్రశ్న దగ్గరకే చేరుతాయి. వాహనాల రొద లేని దారి కావాలంటే సైకిళ్ల కోసం ప్రత్యేకంగా వేసిన బాటను పట్టుకోవాలా, లేక పల్లెకూ పల్లెకూ నడుమ తరాలుగా ఉన్న సన్నని తారురోడ్లను వెతుక్కోవాలా అన్నదే ఆ ప్రశ్న. ఆల్ప్స్, పిరెనీస్ పర్వతాల కనుమల్లో ఈ చిక్కు అంతగా రాదు. అక్కడ కొండ దాటే రోడ్డు సాధారణంగా ఒకటే కనుక దానినే ఎక్కాలి, దానినే దిగాలి. పెద్ద కొండలు లేక, చదును మైదానమూ కాక, పొలాలతో, చిట్టడవులతో, ద్రాక్షతోటలతో లేస్తూ పడుతూ పోయే మిట్టపల్లాల నేల మీద మాత్రం కాసేపటికొక చీలిక వస్తుంది, ప్రతి చీలిక దగ్గరా ఎటు పోవాలో తేల్చుకోవలసి వస్తుంది.

అటువంటి నేలకు నైరుతి ఫ్రాన్సులోని జెర్స్ మంచి ఉదాహరణ. ఫ్రాన్సులో మన జిల్లాకు దగ్గరగా ఉండే పాలనా విభాగాన్ని దెపార్త్‌మాన్ అంటారు. పాత గాస్కనీ సీమ నడిబొడ్డున ఉన్న ఈ దెపార్త్‌మాన్ విస్తీర్ణం 6,257 చదరపు కిలోమీటర్లు, జనాభా ఇంచుమించు 1,90,000, ముఖ్యపట్టణం ఓష్. ఈ కొద్దిపాటి జనం 461 కమ్యూన్లలో, అంటే సొంత మేయరూ సొంత పద్దూ గల గ్రామ పాలనా విభాగాలలో, సర్దుకుని ఉన్నారు. కింది సంవాదంలోని వాదులు ఇద్దరు: రోడ్లు, భవనాల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఇంజినీరు ఒకరు, కళాశాలలో భూగోళశాస్త్రం బోధించిన మాస్టారు ఒకరు. పాత్రలు కల్పితాలే గాని, వారి నోట వినవచ్చే వాదాలు సైకిలు యాత్రికుల మధ్య నిజంగా నలుగుతున్నవే.

ఇంజినీరు: మాస్టారూ, ప్రశాంతమైన దారి అని చాలామంది వాడే మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతున్నాయి, వాహనాలు తక్కువగా వచ్చే దారి ఒకటి, వాహనాలు రావడానికి వీలే లేని దారి మరొకటి. మొదటిది అదృష్టాన్ని నమ్ముకుంటుంది, రెండోది చట్టాన్ని. ఫ్రాన్సు రోడ్డు నియమావళిలో 2004 సెప్టెంబరులో వ్వా వెర్త్, అంటే పచ్చబాట, అనే వర్గం చేరింది. దాని మీద మోటారు వాహనాలకు ప్రవేశం లేదు, సైకిళ్లకూ పాదచారులకూ గుర్రపు స్వారీవారికీ మాత్రమే చోటు. బర్గండీలో గివ్రీ నుంచి క్లూనీ వరకు, రైళ్లు ఆగిపోయిన మార్గం మీద 1997లో తెరిచిన బాట ఈ తరహా బాటలకు ఒరవడి దిద్దింది. 19వ శతాబ్ది చివర ఫ్రేసినే అనే మంత్రి ప్రణాళికతో చిన్న చిన్న పట్టణాలకు సైతం వేసిన స్థానిక రైలు మార్గాలు తరువాతి శతాబ్దిలో బస్సులకూ కార్లకూ ఓడి మూతపడగా, కట్టలూ కల్వర్టులూ వంతెనలూ మాత్రం మిగిలాయి. ఆవిరి ఇంజను లాగలేని ఎగుడును రైలు మార్గంలో పెట్టరు గనుక, ఆ కట్టల మీద గ్రేడియంటు, అంటే నూరు మీటర్లు ముందుకు పోయేసరికి దారి ఎన్ని మీటర్లు లేస్తుందో చెప్పే లెక్క, రెండు మూడుకు మించడం అరుదు. జెర్స్‌కు ఉత్తరాన చూసినా తులూజ్ నుంచి కాస్తె-ఆన్-దోర్త్ వరకు 193 కిలోమీటర్ల గరోన్ కాలువ ఉంది. 53 లాకులతో 1856లో పూర్తయిన ఆ కాలువ గట్టు ఇప్పుడు చదునైన సైకిలు బాట. అజాన్ పట్టణం దగ్గర 23 కమానుల రాతి వంతెన మీదుగా కాలువే గరోన్ నదిని దాటుతుంది, సైకిలూ దాని పక్కనే దాటుతుంది. ఇంత భద్రమైన మార్గం ఉండగా పటం పట్టుకుని పల్లెరోడ్ల కోసం తిరగడం నేల విడిచి సాము చేయడమే.

మాస్టారు: ఇంజినీరు గారూ, కాలువా రైలుమార్గమూ రెండూ కొండను తప్పించుకోవడానికి పుట్టినవే కదా, కొండను తప్పించుకున్న దారి మిట్టపల్లాల సీమను ఎలా చూపగలుగుతుంది? కాలువ గట్టు మీద మూడు రోజులు పోయినవారు చెట్ల వరసలనూ నీళ్లనూ లాకు కాపలాదారుల పాత ఇళ్లనూ చూస్తారు గాని గాస్కనీని చూడరు. ఆ నేల స్వభావం తెలియాలంటే నదులకు అడ్డంగా పోవాలి. పిరెనీస్ పాదాల దగ్గరి లాన్మెజాన్ పీఠభూమి నుంచి బాయీజ్, జెర్స్, అరాత్స్, జిమోన్, సావ్ వంటి నదులు విసనకర్ర పుల్లల్లా ఉత్తరంగా విచ్చుకుంటాయి, నదికీ నదికీ నడుమ ఒక పొడవాటి మిట్ట నిలుస్తుంది. ఈ లోయల రెండు వైపులూ ఒకే తీరుగా ఉండవు. నదికి కుడిగట్టు, అంటే తూర్పు పార్శ్వం, పొట్టిగా నిటారుగా లేస్తే, ఎడమగట్టు, అంటే పడమటి పార్శ్వం, నాగలి సాగేంత నెమ్మదిగా చాలా దూరం వాలుతుంది. ఇటువంటి వాటిని అసమపార్శ్వ లోయలు అంటారు. నిటారు వైపు అడవీ పచ్చికా, నెమ్మదైన వైపు గోధుమా మొక్కజొన్నా పొద్దుతిరుగుడూ కనిపించడానికి కారణం అదే.

ఈ భూగోళ విశేషం సైకిలు తొక్కేవారి మోకాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. తూర్పు నుంచి పడమరకు పోయేవారు ప్రతి లోయలోనూ ఎడమగట్టు మీద తీరికగా ఎక్కి, మిట్ట దాటగానే తరువాతి నది కుడిగట్టు నిటారులో బ్రేకులు పట్టుకుని దిగుతారు. పడమర నుంచి తూర్పుకు పోయేవారు నిటారును చిన్న గేరులో ఊపిరి బిగబట్టి ఎక్కి, ఆ తరువాత పెడలు కదపకుండానే చాలాసేపు జారిపోతారు. రోడ్డు ఒకటే, దూరం ఒకటే, ప్రయాణాలు మాత్రం రెండు. ఇక మూడో పద్ధతి, ఎరిగినవారి పద్ధతి, మిట్ట నెత్తి మీదే ఉత్తర దక్షిణాలుగా పోవడం. లారీలు తిరిగే పెద్ద రోడ్లు ఎక్కువగా లోయ అడుగునే ఉంటాయి, పాత ఊళ్లు మిట్టల మీద ఉంటాయి, వాటిని కలిపే గట్టుదారి మీద ఎక్కుడూ తక్కువే, వాహనాలూ తక్కువే. ఆకాశం తేటగా ఉన్న రోజున దక్షిణాన పిరెనీస్ శిఖరాలన్నీ మంచుతో బారుతీరి కనిపిస్తాయి.

ఇంజినీరు: నేల తీరు మాస్టారు చెప్పినట్టే ఉంటుంది, కాదనేది లేదు. అయితే ఆ తీరు తెలిసిన వారెందరు, తెలియక నిటారు వైపు ఇరుక్కునే వారెందరు? భద్రత మాటకు వస్తే, ఫ్రాన్సులో రోడ్డు ప్రమాద మరణాలలో పెద్ద భాగం ఊళ్ల వెలుపలి రెండువైపుల రోడ్ల మీదే జరుగుతుంది; సైక్లిస్టుల మరణాలలోనూ సగానికి మించినవి ఊరు దాటాకే. అందుకే 2018 జూలైలో నడుమ అడ్డుగోడ లేని రోడ్ల మీద వేగ పరిమితిని 90 నుంచి 80 కిలోమీటర్లకు తగ్గించారు. ఏడాదిన్నర తిరక్కుండానే, 2019 డిసెంబరు చట్టంతో, తమ రోడ్ల మీద మళ్లీ 90 పెట్టుకునే వీలు దెపార్త్‌మాన్లకు ఇచ్చేశారు. ఊరి వెలుపల సైకిలును దాటే కారు ఒకటిన్నర మీటరు ఎడం వదలాలన్నది నియమం. మాస్టారు మెచ్చుకునే పల్లెరోడ్డు మొత్తం వెడల్పే మూడు మీటర్లైతే ఆ ఒకటిన్నర మీటరు ఎక్కడి నుంచి వస్తుంది?

మాస్టారు: ఆ మూడు మీటర్ల వెడల్పే రక్షణ. అంత సన్నని రోడ్డు మీద ఎదురెదురు వాహనాలు తప్పుకోవాలంటే ఒకటి గడ్డి అంచులోకి దిగాలి. మలుపు అవతల ట్రాక్టరు ఉండవచ్చునని ఆ ఊరి డ్రైవరుకు తెలుసు గనుక వేగం దానంతట అదే పడిపోతుంది. ప్రమాదం ఎక్కువగా ఉండేది నడిమి తరగతి రోడ్ల మీద, అంటే వేగంగా పోవడానికి చాలినంత వెడల్పు ఉండి, సైకిలుకు వేరే చోటు లేనివాటి మీద. కాబట్టి ఊరి వెలుపలి రోడ్లన్నిటినీ ఒక గాటన కట్టేసి లెక్క చెప్పడం న్యాయం కాదు. ఫ్రాన్సు రోడ్లకు నాలుగు ముఖ్యమైన అక్షరాలు ఉన్నాయి: ఎ అంటే ఆటోరూట్, దాని మీద సైకిలుకు ప్రవేశం లేదు, ఎన్ అంటే జాతీయ రోడ్డు, డి అంటే దెపార్త్‌మాన్ రోడ్డు, సి అంటే కమ్యూన్ రోడ్డు. మొదటి రెండూ కలిపి 20 వేల కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. డి రోడ్లు సుమారు 3,80,000 కిలోమీటర్లు. కమ్యూన్ రోడ్లు 7 లక్షల కిలోమీటర్లు దాటుతాయి. దేశంలోని సరుకు రవాణాలో, దూరప్రయాణాలలో అధిక భాగాన్ని మోసేది ఆ కొద్దిపాటి 20 వేల కిలోమీటర్లే. ఏడు లక్షల కిలోమీటర్ల మీద తిరిగేది ఆ ఊరి రైతు, పసుపుపచ్చ తపాలా వ్యాను, బడిపిల్లల బస్సు.

ఇంజినీరు: ఆ ఏడు లక్షల కిలోమీటర్లలో ఏది ఎటు పోతుందో, ఏది పొలంలో ఆగిపోతుందో కొత్తవారికి చెప్పేవారెవరు?

మాస్టారు: పటం చెబుతుంది. మిషెలిన్ సంస్థ ప్రాంతీయ పటాలలో, అంటే ఒక సెంటీమీటరు నేల మీది రెండు కిలోమీటర్లకు సమానమైన 1:2,00,000 కొలత పటాలలో, పెద్ద రోడ్లు ఎర్రగా, నడిమివి పసుపుపచ్చగా, చిన్నవి తెల్లగా ఉంటాయి. అజాన్ నుంచి లెక్తూర్ మీదుగా ఓష్‌కు పోయే ఎన్ 21 ఎర్రని గీత. అటు చూడనే కూడదు. తెల్ల గీతలను పట్టుకోవాలి. వాటి పక్కన ఆకుపచ్చ అంచు ఉంటే చూడముచ్చటైన దారి అని గుర్తు. రోడ్డుకు అడ్డంగా బాణపు మొన లాంటి గుర్తు ఒకటి ఉంటే 5 నుంచి 9 శాతం ఎగుడు, రెండుంటే 9 నుంచి 13, మూడుంటే అంతకు మించిన ఎగుడు. మొన పైకెక్కే దిక్కును చూపుతుంది. అంతకంటె సూక్ష్మంగా కావాలంటే జాతీయ భౌగోళిక సంస్థ 1:25,000 పటాల మీద సమోన్నత రేఖలు, అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు, ఉండనే ఉన్నాయి. అవి దగ్గర దగ్గరగా ముడుచుకుంటే నిటారు, విడివిడిగా ఉంటే నెమ్మదైన వాలు. పటాన్ని ముందురాత్రి అరగంట చదివినవారికి మరునాటి దారిలో తెలియనిది తక్కువ.

ఈ తెల్ల గీతలు ఇంత విస్తారంగా ఎందుకున్నాయన్న ప్రశ్నను ఇద్దరిలో ఎవరూ ఇంతవరకు తడమలేదు గనుక ఇక్కడ చెప్పుకోవాలి. 1836 మే 21 నాటి చట్టం పల్లెలను కలిపే దారులను బాగుచేసే బాధ్యతను కమ్యూన్లకు తప్పనిసరి చేసింది; డబ్బు కట్టలేని కుటుంబాలు ఏడాదికి మూడు రోజుల వరకు ఒంటి శ్రమతో, బండితో, ఎద్దులతో ఆ పన్ను తీర్చుకోవచ్చునని ఏర్పాటు చేసింది. రాళ్లు కొట్టి, గుంతలు పూడ్చి, కాలవలు తీసిన ఆ శ్రమ దశాబ్దాల పాటు పోగుపడి, చిన్న పల్లెకు సైతం నాలుగు దిక్కులా గట్టి దారి ఏర్పడింది. జెర్స్ జనాభా ఆ కాలంలోనే, 19వ శతాబ్ది నడుమ, మూడు లక్షలు దాటి శిఖరానికి చేరుకుంది. తరువాత ఊళ్లు ఖాళీ అవుతూ వచ్చాయి గాని దారులు తగ్గలేదు. మూడు లక్షల మంది కాలినడకకూ బండ్లకూ తగినట్టు వేసిన అల్లికను ఇప్పుడు రెండు లక్షలకు లోపు మంది, అందులోనూ చాలామంది పెద్ద రోడ్ల మీదే, వాడుకుంటున్నారు. ఆ మిగులులో సైక్లిస్టు తిరుగుతున్నాడు. ప్రకృతి ప్రసాదమని పర్యాటక పత్రాలు పొగిడే ప్రశాంతత నిజానికి లెక్కలో మిగిలిపోయిన రోడ్డు.

ఇంజినీరు: అదే అసలు సంగతి. మాస్టారి ప్రశాంతత ఒక ఊరి క్షీణతకు మరో పేరు. రోడ్డు మీద కారు లేదంటే బడిలో పిల్లలూ లేరని, కొట్టులో సరుకూ లేదని అర్థం. 1960 నాటికి ఫ్రాన్సులో సుమారు రెండు లక్షల కాఫీ కొట్లు ఉండేవి. ఇప్పుడు మిగిలినవి నలభై వేలకు అటూ ఇటూ. వేసవి మధ్యాహ్నం సీసాలో నీళ్లు అయిపోయి ఊరు చేరితే, తలుపులన్నీ మూసి ఉంటే, ఆ ప్రశాంతతను ఏం చేసుకోవాలి? పచ్చబాటలూ గుర్తులు పెట్టిన దారులూ వచ్చిన చోట పరిస్థితి వేరు. అక్యోయ్ వెలో అనే గుర్తింపు పొందిన బసల్లో సైకిలుకు తాళం వేసే గది, మరమ్మతు పనిముట్లు, తెల్లవారే ఉపాహారం దొరకాలన్న షరతులున్నాయి. బాట నమ్మకంగా ఉంటే జనం వస్తారు, జనం వస్తారని తెలిస్తే కొట్టు తెరుస్తారు.

మాస్టారు: నీళ్ల సంగతి ముందు. ఫ్రాన్సు పల్లెల్లో శ్మశానాల దగ్గర, సమాధుల మీది పూలమొక్కలకు పోయడానికి, కుళాయి ఉంటుంది. తాగరాదన్న పలక లేకపోతే సీసా అక్కడే నింపుకోవడం దూరప్రయాణపు సైక్లిస్టులందరికీ తెలిసిన ఉపాయం. తెలుగువారికి మొదట మనసొప్పదు గాని, రెండో ఊరికి అలవాటవుతుంది. ఇక క్షీణత గురించి: అది సైక్లిస్టు తెచ్చినదీ కాదు, సైక్లిస్టు తీర్చగలిగినదీ కాదు. ఒక పూట రొట్టే కాఫీ కొన్నంత మాత్రాన ఊరు నిలబడుతుందని చెబితే అతిశయోక్తి. అయితే ఆ అక్యోయ్ వెలో గుర్తింపుకు మరో షరతు ఉన్న సంగతి కూడా చెప్పాలి కదా: బస గుర్తులు పెట్టిన సైకిలు దారికి అయిదు కిలోమీటర్ల లోపు ఉండాలి. అంటే ఖర్చు పెట్టే యాత్రికుడు ఒక గీత వెంటే పోతాడు, ఆ గీతకు పది కిలోమీటర్ల అవతలి కొట్టుకు ఒక్క కాసూ రాలదు. తెల్ల గీతల వెంట పోయేవారు పలచగానే అయినా సీమంతటా పరుచుకుంటారు.

ఇంజినీరు: పలచగా పరుచుకున్న నలుగురి కోసం ఏ కొట్టూ తెరవరు మాస్టారూ. జెర్స్‌లోనే సాక్ష్యం ఉంది. లెక్తూర్, లా రోమ్యూ, కోందోం, లారెస్సేంగ్ల్ ఊళ్ల మీదుగా స్పెయిన్‌లోని సంత్యాగోకు పోయే పురాతన యాత్రామార్గం ఉంది. ఇప్పుడది గుర్తులు పెట్టిన కాలిబాట. ఆ వరుసలోని ఊళ్లలో బసలున్నాయి, భోజనమూ దొరుకుతుంది. ఆ వరుసకు పక్కనున్న ఊళ్లలో ఏమున్నది?

మాస్టారు: ఆ మాటకు ఎదురు చెప్పడం కష్టమే. లా రోమ్యూ మీదుగా పోయే సైక్లిస్టు సైతం ఆ పాదయాత్రికుల పుణ్యాన భోంచేస్తున్నవాడే. గుర్తులు పెట్టడం మీద ఇక్కడ అభ్యంతరం లేదు. గుర్తులు పెట్టడానికి కొత్త బాట వేయాలా అన్నదే అభ్యంతరం. ఫ్రాన్సులో వెలోరూట్ అనే మాటకు పచ్చబాట అని అర్థం కాదు. దూరప్రాంతాలను కలుపుతూ గుర్తులు పెట్టిన సైకిలు దారి ఏదైనా వెలోరూటే, అందులో కొంత పచ్చబాట, కొంత వాహనాలు తక్కువగా తిరిగే రోడ్డు. దేశమంతా పేరున్న 900 కిలోమీటర్ల లోయిర్ నది దారిలోనూ చాలా భాగం పల్లెరోడ్డే. ఐరోపా మొత్తానికి సైకిలు దారులను కూర్చే యూరోవెలో ప్రమాణాలలో, రోజుకు 500 వాహనాలకు మించని రోడ్డును అతి తక్కువ రద్దీ దారిగా లెక్కిస్తారు; పగటి పద్నాలుగు గంటలకు పంచితే అది గంటకు ఇంచుమించు ముప్ఫయ్యారు. గాస్కనీ తెల్ల గీతలలో అనేకం ఆ లెక్కకు కూడా చాలా దిగువనే ఉంటాయి. అటువంటివాటికి కావలసింది స్తంభం మీద పలక ఒక్కటే. పైగా పచ్చబాట ఏడాది పొడవునా తెరిచి ఉంటుందన్న నమ్మకమూ లేదు: క్లూనీకి దక్షిణాన పాత రైలు సొరంగం ఒకటి, 1.6 కిలోమీటర్ల పొడవుది, చలికాలంలో గబ్బిలాల నిద్ర చెడకుండా మూసేస్తారు. అప్పుడు యాత్రికుడు కొండెక్కే పల్లెరోడ్డునే ఆశ్రయించాలి.

ఇంజినీరు: గబ్బిలాలకిచ్చిన మర్యాద సైక్లిస్టుల టైర్లకు ఇస్తే బాగుండేది. పల్లెరోడ్ల మీద వేసవిలో ఏం జరుగుతుందో ఆ పని చేయించినవారికి తెలుస్తుంది. కమ్యూన్ పద్దులో కొత్త తారు పొర పరిచేంత డబ్బు ఉండదు. అందుకని సర్ఫేస్ డ్రెస్సింగ్ చేస్తారు, అంటే పాత రోడ్డు మీద తారు ఎమల్షన్ పిచికారీ చేసి, దాని మీద సన్నకంకర చల్లి, పైపైన రోలరు తిప్పి వదిలేస్తారు. మిగతా అణచివేత వాహనాల చక్రాలే చేయాలి. మాస్టారు మెచ్చుకునే రోడ్డు మీద వాహనాలే రావు గనుక కంకర వారాల తరబడి వదులుగానే ఉంటుంది. చక్రాలు పోయే రెండు జాడల్లో మాత్రం అణగి, నడుమా మలుపుల అంచునా కుప్పలుగా చేరుతుంది. దిగుడులో మలుపు తిరిగేటప్పుడు 25 మిల్లీమీటర్ల రేసు టైరు ఆ కుప్ప మీదికి పోతే మోచెయ్యి చర్మం రోడ్డుకు అంటుకుంటుంది. ఎండ ముదిరితే ఆ పొరలోని తారు పైకి ఊరి, చక్రానికి అంటి, అంటిన తారుకు కంకర అంటి, ఫోర్కులో ఇరుక్కుంటుంది.

మాస్టారు: అందుకే 32 మిల్లీమీటర్ల టైరు వేసి, గాలి కొంచెం తక్కువ పట్టి, కంకర హెచ్చరిక పలక కనబడగానే అణగిన జాడలోనే పోవాలి. ఇంకో అపాయం గురించి ఇంజినీరు గారు చెప్పలేదు, అది కంకర కంటె పెద్దది: పలకా గీతా లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే వాహనానికే ముందు హక్కు అన్న పాత నియమం ఫ్రాన్సులో ఇంకా అమలులో ఉంది. మిట్ట మీద పొదచాటున కలిసే చిన్న సందులోంచి ట్రాక్టరు ఆగకుండా రోడ్డెక్కుతుంది, ఎక్కే హక్కు దానికి ఉంది. దిగుడులో వేగంగా వచ్చే సైకిలే ఆగాలి.

ఇంజినీరు: ఇన్ని జాగ్రత్తలు కావలసిన దారిని ప్రశాంతమని ఎలా అంటారు? శ్రమ మాట కూడా ఉంది. పచ్చబాట మీద వంద కిలోమీటర్లు పోయేవారు ఈ మిట్టల మీద అరవైకే అలసిపోతారు.

మాస్టారు: అలసట నిజం. పెద్ద కొండ లేని చోట ఎక్కుడు ఉండదనుకోవడమే కొత్తవారి పొరపాటు. నాలుగేళ్లకొకసారి జరిగే పారిస్–బ్రెస్ట్–పారిస్ యాత్ర ఇందుకు గట్టి తార్కాణం: 1891లో పందెంగా మొదలై, ఇప్పుడు 90 గంటల గడువుతో పందెం కాని దూరయాత్రగా సాగుతున్న ఆ 1,200 కిలోమీటర్ల దారిలో ఎక్కడా 400 మీటర్ల ఎత్తు రాదు, అయినా నార్మండీ, బ్రిటనీ మిట్టలన్నీ ఎక్కిన ఎత్తు కూడితే పన్నెండు వేల మీటర్లకు దగ్గర పడుతుంది. హైదరాబాద్ వంటి మన నగరాల నుంచి 200, 300, 400, 600 కిలోమీటర్ల అర్హతా యాత్రలు పూర్తిచేసి వెళ్లే తెలుగు సైక్లిస్టులకు అక్కడ ఎదురయ్యే పరీక్ష అదే. మన జాతీయ రహదారుల మీద ఒకే గేరులో గంటల తరబడి తొక్కిన కాళ్లకు, నిమిషానికొకసారి గేరు మార్చవలసిన నేల కొత్తగా ఉంటుంది. గేర్ల గొప్పతనం మొదట ఎరిగినవారూ ఇటువంటి యాత్రికులే. సెయింట్ ఎతియెన్ పట్టణంలో 1887లో ల సిక్లిస్త్ పత్రికను స్థాపించి, వెలోసియో అన్న కలంపేరుతో రాసిన పాల్ ద వివీ, గేర్లు మగతనానికి తక్కువని పందెగాళ్లు ఎగతాళి చేస్తున్న రోజుల్లోనే వాటి కోసం వాదించాడు. టూర్ ద ఫ్రాన్స్ పందెం గొలుసు మార్చే గేర్లకు 1937 దాకా చోటివ్వలేదు. అప్పటికి ఆయన పోయి ఏడేళ్లు.

ఇంజినీరు: వెలోసియో పేరెత్తితే ఈ పక్షానికి మాట తగ్గించక తప్పదు. అయినా ఒక్క ప్రశ్న మిగిలే ఉంది. కమ్యూన్ రోడ్ల మరమ్మతు చట్టం ప్రకారం కమ్యూన్‌కు తప్పనిసరి ఖర్చు. రెండు వందల మందికి లోపు జనం ఉన్న కమ్యూన్లు జెర్స్‌లో ఎన్నో. ఆ రెండు వందల మంది పన్నుతో నిలబడే రోడ్డు మీద, ఒక్క పైసా చెల్లించకుండా, ప్రపంచంలోని సైక్లిస్టులంతా ప్రశాంతతను అనుభవించడం ఎన్నాళ్లు సాగుతుంది? పచ్చబాటకైతే దెపార్త్‌మాన్, ప్రాంతీయ ప్రభుత్వం, ఒక్కొక్కప్పుడు ఐరోపా నిధులు ఉంటాయి.

మాస్టారు: సైకిలు బరువుకు రోడ్డు పాడు కాదు, పాడు చేసేది బరువైన వాహనాల ఇరుసు, ఆ సంగతి ఇంజినీరు గారికి చెప్పనవసరం లేదు. రైతు ట్రాక్టరు కోసం, బడి బస్సు కోసం ఆ రోడ్డు ఎలాగూ ఉండాలి. అవి రెండూ ఆగిపోయిన నాడు మాత్రం సమాధానం ఈ పక్షం దగ్గర లేదు.

మాస్టారు చెప్పలేకపోయిన ఆ సమాధానమే ఈ వాదంలో బరువైన భాగం. చూడదగిన సీమ ఎక్కడున్నదన్న అంశంలో ఆయన మాటకే మొగ్గు. జెర్స్‌ను కాలువ గట్టు మీది నుంచి చూశామనుకునేవారు అజాన్‌ను చూశారంతే. పిల్లలతో వెళ్లేవారికీ, వాహనాల భయం ఉన్నవారికీ, తొలిసారి సామాన్లతో తొక్కేవారికీ ఇంజినీరు సలహాయే సరైనది. నిధుల విషయంలో మాత్రం గాలి ఇంజినీరు వైపు వీస్తున్నది. పచ్చబాటకు ప్రారంభోత్సవం ఉంటుంది, పలక ఉంటుంది, తెల్ల గీతకు అవేవీ ఉండవు, ఏ ఏడాది దానికి కంకర చల్లడం మానేశారో ఆ ఊరివారికి తప్ప ఎవరికీ తెలియదు. ఫ్రాన్సు సైకిలు పథకాలు రచించేవారు కొత్త బాటకు పెట్టే ఖర్చులో కొంత భాగం ఈ చిన్న కమ్యూన్ల రోడ్లకు ఇవ్వడం న్యాయం, అది కొత్త కట్టడం కంటె చౌక కూడా.

జెర్స్‌కు వెళ్లదలచినవారికి మే, జూన్, సెప్టెంబరు మంచి నెలలు. జూలై, ఆగస్టులలో ఎండా వదులు కంకరా రెండూ ఎక్కువ. లెక్తూర్ నుంచి లా రోమ్యూ, కోందోం, బుల్లి కోటగోడల ఊరు లారెస్సేంగ్ల్, గుండ్రంగా కట్టిన ఫూర్సెస్ వరకు తెల్ల గీతల వెంట తీరికగా రెండు రోజులు పడుతుంది. ఓపిక ఉన్నవారు పడమటి సరిహద్దు దాటి లబాస్తీద్-దార్మాన్యాక్ దగ్గరి సైక్లిస్టుల మాత గుడికి పోవచ్చు. జోసెఫ్ మాస్సీ అనే ఫాదరీ 1959లో పాత చర్చిని సైక్లిస్టులకు అంకితం చేయించగా, పందేలలో గెలిచినవారి జెర్సీలు ఇప్పుడు అక్కడ గోడల నిండా ఉన్నాయి. పల్లెల్లో కొట్లు మధ్యాహ్నం రెండు మూడు గంటలు మూసేస్తారు. రొట్టెల కొట్టుకు చాలాచోట్ల సోమవారం సెలవు గనుక, ఆ రోజుకు కావలసింది ఆదివారం ఉదయమే కొని పెట్టుకోవాలి.